చెత్త పొయ్యికి ఎన్ని సంతకాలు?

నగరపు చెత్తను కాల్చి కరెంటు తీసే కేంద్రానికి ఏ ఒక్క కార్యాలయమూ పూర్తి అనుమతి ఇవ్వదు. స్థలం చూపించేది ఒకరు, అక్కడ కట్టుకోవచ్చని చెప్పేది మరొకరు, చిమ్నీ నుంచి ఎంత వదలవచ్చో తేల్చేది ఇంకొకరు, వచ్చిన కరెంటుకు ధర కట్టేది వేరొకరు. ఇన్ని బల్లల మీద తిరిగే ఫైలులో చుట్టుపక్కల జనం నోరు విప్పడానికి చట్టం చూపించిన చోట్లు ఒకటి రెండే. హైదరాబాద్ తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ప్రాంతం ఈ వ్యవహారంలో రెండు వైపులా నిలబడింది. ఒకప్పుడు నగరం చెత్త ఇక్కడికి వచ్చేది. ఇప్పుడు ఇక్కడి చెత్త మరొకరి ఊరికి పోతోంది.

విజయవాడ హైవే పక్కన వనస్థలిపురం ఆటోనగర్‌లో ఉన్న పాత డంపింగ్ యార్డు ఈ ప్రాంతవాసుల్లో నడివయసు దాటినవారికి బాగా గుర్తు. పక్కనే మహావీర్ హరిణ వనస్థలి, అంటే జింకల పార్కు. ఇటువైపు కృష్ణజింకలు, అటువైపు లారీలు పోసిన చెత్తగుట్టలు. చుట్టూ కాలనీలు పెరిగేకొద్దీ కంపు మీద, బోరునీళ్ల రంగు మీద ఫిర్యాదులూ పెరిగాయి. అప్పట్లో గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ వేర్వేరు మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను పాత నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేసినప్పుడు ఈ రెండూ అందులో కలిసిపోయాయి. ఆటోనగర్ యార్డు మూతపడింది. నగరం చెత్తంతా ఉత్తరాన జవహర్‌నగర్ దారి పట్టింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల మెస్సుల్లో మిగిలిన అన్నం, చైతన్యపురి అపార్టుమెంట్ల డబ్బాలు, కొత్తపేట బండ్ల దగ్గరి పండ్ల తొక్కలు, బట్టల దుకాణాల ప్లాస్టిక్ కవర్లు అన్నీ పొద్దున్నే చెత్త సేకరించే స్వచ్ఛ ఆటో ఎక్కుతాయి. ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో పెద్ద వాహనాల్లోకి మారి దాదాపు పాతిక కిలోమీటర్ల అవతలి జవహర్‌నగర్ చేరతాయి. ఒక్క కట్టడాల శిథిలాలకే నాగోలు దాపున ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నుల సామర్థ్యం గల శుద్ధి కేంద్రం ఉంది. మిగతాదంతా ఊరు దాటాల్సిందే.

ఇక్కడ జిల్లాల లెక్క ఒకటి గమనించాలి. ఎల్బీనగర్, సరూర్‌నగర్ ప్రాంతాలు రంగారెడ్డి జిల్లావి. జవహర్‌నగర్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. చెత్త పుట్టే చోటికి ఒక కలెక్టరు, కాలే చోటికి మరో కలెక్టరు. దహన కేంద్రం మీద ప్రజాభిప్రాయ సేకరణ రెండో చోటే జరుగుతుంది.

జవహర్‌నగర్‌లో 300 ఎకరాలకు పైగా విస్తరించిన యార్డు నిర్వహణకు 2009లో రాంకీ సంస్థతో 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. కోటి టన్నులకు మించిన పాత చెత్తగుట్ట మీద మట్టి, ప్లాస్టిక్ పొరలు పరిచి కప్పేశారు. ఈ పనిని క్యాపింగ్ అంటారు. 2020 నవంబరులో 19.8 మెగావాట్ల చెత్త విద్యుత్తు కేంద్రం మొదలైంది, తర్వాత దాని సామర్థ్యాన్ని 24 మెగావాట్లకు పెంచారు. దుండిగల్‌లో 14.5 మెగావాట్ల కేంద్రం వచ్చింది. సంగారెడ్డి జిల్లా ప్యారానగర్, యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్, రంగారెడ్డి జిల్లా యాచారం పేర్లు కూడా ఈ జాబితాకెక్కాయి. మహానగరంలో రోజూ పోగయ్యే 7 వేల టన్నులకు పైబడిన చెత్తలో ఎక్కువ భాగాన్ని ఈ కేంద్రాల చేత కాల్పించాలన్నది ప్రణాళిక.

పొయ్యిలో జరిగేది

వచ్చిన చెత్తను వచ్చినట్టే పొయ్యిలో వేయరు. ముందు జల్లెడ పట్టి మట్టి, రాళ్లు, తడి పదార్థం, ఇనుము తీసేస్తారు. మిగిలిన కాగితం, గుడ్డ, ప్లాస్టిక్, కొబ్బరి పీచు లాంటి మండే సరుకును ముక్కలు చేసి ఆరబెడతారు. దీన్ని ఆర్‌డీఎఫ్ అని పిలుస్తారు, చెత్త నుంచి తీసిన ఇంధనం అని అర్థం. అది బాయిలరులో కాలుతుంది, నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది. బొగ్గు విద్యుత్తు కేంద్రానికీ దీనికీ పని తీరులో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఇంధనంలో ఉంది. సింగరేణి బొగ్గు ఏ రోజు ఎలా ఉంటుందో లెక్క తెలుసు. నగరం చెత్త పండగనాడు ఒకలా, వానాకాలంలో ఒకలా, మామిడికాయల రోజుల్లో మరోలా ఉంటుంది.

ఈ తేడా నేరుగా చిమ్నీ దగ్గర తేలుతుంది. పొయ్యిలో పుట్టిన వాయువులు 950 డిగ్రీల వేడిలో కనీసం 2 సెకన్లు నిలవాలని 2016 ఏప్రిల్ 8న వెలువడిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. చిమ్నీ నుంచి వచ్చే గాలిలో ధూళి ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదన్నాయి. డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషపదార్థాలకు అవి పెట్టిన హద్దు 0.1 నానోగ్రాము, అంటే గ్రాములో వెయ్యి కోట్లవ వంతు. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ అరకొరగా కాలినప్పుడు, పొగ నిదానంగా చల్లారినప్పుడు డయాక్సిన్లు పుడతాయి. తడి ఎక్కువైతే పొయ్యి వేడి పడిపోతుంది. వేడి పడిపోతే హద్దు నిలవదు. మెస్సు వాళ్లు సాంబారును, పాలిథిన్ కవరును ఒకే సంచిలో కట్టి పడేస్తే దాని ఫలితం జవహర్‌నగర్ చిమ్నీ దగ్గర కనబడుతుందంటే అతిశయోక్తి కాదు.

కాల్చినంత మాత్రాన చెత్త మాయం కాదు. పొయ్యి అడుగున మిగిలేది ఒక బూడిద, పొగను వడకట్టే సంచుల్లో చిక్కేది ఇంకో బూడిద. డయాక్సిన్లు, సీసం, కాడ్మియం లాంటివి రెండోదాంట్లో పేరుకుంటాయి. పొగను ఎంత బాగా శుద్ధి చేస్తే ఈ బూడిద అంత విషపూరితం అవుతుంది. దాన్ని మామూలు యార్డులో పోయకూడదు, ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన ప్రత్యేక గుంతలకు పంపాలి. అనుమతి పత్రాల్లో అందరూ చిమ్నీ గురించే చదువుతారు. బూడిద ఎక్కడికి పోతుందో రాసిన పేజీని వెదికి చదవడం మరింత అవసరం.

తెలుగు నేల మీద ఈ పొయ్యి కొత్తది కాదు. జవహర్‌నగర్ కేంద్రం దక్షిణాదిలో మొదటిదని ప్రారంభోత్సవం రోజుల్లో ప్రచారం సాగింది గానీ, 2003 నాటికే విజయవాడలో 6 మెగావాట్లు, షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల కేంద్రాలు మొదలయ్యాయి. మండే గుణం చాలక చెత్తకు తోడు ఊక, పంట వ్యర్థాలు కలుపుకుంటూ వచ్చారు. ఇలాంటి కేంద్రాలకిచ్చే రాయితీల మీద 2005లో సుప్రీంకోర్టు ఆంక్ష పెట్టి, 2007లో అయిదు ప్రయోగాత్మక కేంద్రాలకు మాత్రం వీలు కల్పించింది. విజయవాడ, ఎలికట్ట కేంద్రాలు రెండూ చివరికి ఆగిపోయాయి. వాటికన్నా ముందు, 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నులు కాల్చేలా కట్టిన పొయ్యి మూడు వారాలపాటే మండింది. ఐరోపా చెత్తకు తగ్గట్టు కట్టిన యంత్రంలో కూర తొక్కలు, వీధులు ఊడ్చిన మట్టి పోస్తే అంతకు మించి మండదు. అందుకే అనుమతి పరిశీలనలో మొదట అడగాల్సిన ప్రశ్న, ఇక్కడి చెత్తలో కిలోకు ఎన్ని కేలరీలున్నాయన్నది. మళ్లీ వాడుకోవడానికి పనికిరాని చెత్తలో కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన ఉన్నదాన్ని గుంతలో పూడ్చకుండా ఇంధనంగా వాడాలని 2016 నిబంధనలు చెప్పాయి.

స్థలం: చప్పుడు లేకుండా తేలిపోయే మెట్టు

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఘన వ్యర్థాల నిర్వహణను పన్నెండో షెడ్యూలులో చేర్చి నగరపాలక సంస్థల పనిగా గుర్తించింది. కానీ చెత్తకు కావలసిన స్థలం బల్దియా చేతిలో ఉండదు. అది సాధారణంగా రెవెన్యూ భూమి. 2016 నిబంధనలు తగిన స్థలాన్ని గుర్తించి కేటాయించే బాధ్యతను కలెక్టరుకు అప్పగించాయి. పట్టణ ప్రణాళికా విభాగం మాస్టర్ ప్లాన్‌లో ముందే చెత్త శుద్ధికి చోటు చూపించాలని కూడా చెప్పాయి. హైదరాబాద్ చుట్టూ ఈ పని మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి నివాస మండలమని ఉంటే భూ వినియోగ మార్పిడి జరగాలి. ఆ మార్పిడికి నోటీసు ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. అది పత్రికలో చిన్న అక్షరాల్లో వచ్చే ప్రకటన. చదివేది ఎక్కువగా ప్లాట్ల వ్యాపారులు.

ఏ స్థలం పనికొస్తుందన్న దానికి కొలతలను కూడా 2016 నిబంధనలు చెప్పాయి. కాల్చగా మిగిలింది పూడ్చే గుంతకు నదికి 100 మీటర్లు, చెరువుకు, జాతీయ రహదారికి, ఇళ్లకు, తాగునీటి బావికి 200 మీటర్ల దూరం ఉండాలి. విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు దూరం కావాలి, పక్షులు విమానాలకు అడ్డుపడతాయి కనుక. ఈ కొలతలు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పటం ముందు కూర్చుంటే పెన్సిలు పెట్టడానికి చోటు దొరకదు. ఒకవైపు మూసీ, మధ్యలో సరూర్‌నగర్ చెరువు, అటు విజయవాడ హైవే, ఇటు సాగర్ రోడ్డు, మిగిలినదంతా ఇళ్లు. ఖాళీ జాగా అంటూ పెద్దగా ఉన్నది జింకల పార్కు ఒక్కటే. దాని వల్ల ఇంకో అడ్డు కూడా ఉంది, అది ముందు ముందు తెలుస్తుంది. చెత్త ఎక్కువగా పుట్టే చోట పొయ్యి పెట్టడానికి జాగా ఉండదు. జాగా ఉన్న చోట చెత్త తక్కువ, జనం తక్కువ, వాళ్ల గొంతు ఇంకా తక్కువ. ఏ నగరం చూసినా పొయ్యి శివారు ఊరికే చేరడానికి కారణం ఇదే.

స్థలం కేటాయింపు జరిగే రోజున ఊళ్లో ఎవరికీ పిలుపు రాదు. పిలుపు వచ్చే నాటికి స్థలం ఖాయమై, ఒప్పందం కుదిరి, నిర్మాణ సంస్థ పేరు కూడా తెలిసిపోయి ఉంటుంది. పరిశీలన మొత్తంలో పెద్ద లోపం ఇదే. పర్యావరణ నివేదికలో ప్రత్యామ్నాయ స్థలాల గురించి రాయాలని ఉంది, రాస్తారు కూడా, ఒకటి రెండు పేజీల్లో.

ఏ తరగతి ఫైలు?

తర్వాతి మెట్టు పర్యావరణ అనుమతి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రాజెక్టులను ఏ, బీ అని రెండు తరగతులు చేసింది. ‘ఏ’ తరగతి ఫైలు ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ శాఖకు పోతుంది. ‘బీ’ తరగతిది రాష్ట్ర స్థాయిలోని పర్యావరణ ప్రభావ అంచనా ప్రాధికార సంస్థ చూస్తుంది. కేవలం చెత్తతో నడిచే విద్యుత్తు కేంద్రమైతే 20 మెగావాట్లు, ఆపైన ఉంటే ఏ తరగతి. 15 దాటి 20 లోపల ఉంటే బీ తరగతి. 15 వరకు మినహాయింపు. పైన చెప్పిన 19.8, 14.5 అంకెలను ఈ గీతల పక్కన పెట్టి చూస్తే ఒకటి 20కి ఇసుమంత ఇవతల, రెండోది 15కి ఇసుమంత ఇవతల ఉన్నాయి. మెగావాట్ల అంకె ఇంజనీర్ల లెక్కే అయినా, దస్త్రం ఎవరి బల్ల మీదికి పోవాలో తేల్చేది కూడా అదేనని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అయితే పొయ్యితో పాటు చెత్త వేరుచేసే షెడ్లు, ఎరువు తయారీ, పూడ్చే గుంత అన్నీ ఒకే ఆవరణలో ఉంటే దాన్ని ఉమ్మడి పురపాలక ఘన వ్యర్థాల కేంద్రంగా లెక్కిస్తారు. అప్పుడు మెగావాట్లతో నిమిత్తం లేకుండా పర్యావరణ అనుమతి తప్పనిసరి.

జింకల పార్కు అడ్డు అన్నది ఇక్కడే వస్తుంది. వన్యప్రాణి రక్షిత ప్రాంతానికి 5 కిలోమీటర్ల లోపల వచ్చే బీ తరగతి ప్రాజెక్టును ఏ తరగతిగానే చూడాలని అదే నోటిఫికేషన్‌లో సాధారణ షరతు ఉంది. మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు. ఎల్బీనగర్ కూడలి నుంచి దాని కంచె ఎంతో దూరం లేదు. అంటే ఈ ప్రాంతంలో ఎవరైనా పర్యావరణ అనుమతి కావలసిన చెత్త కేంద్రం తలపెడితే హైదరాబాద్‌లో ఫైలు తేలదు, ఢిల్లీ వెళ్లాల్సిందే. ఆటోనగర్ యార్డు నడిచిన రోజుల్లో ఈ షరతే లేదు. ఇప్పుడు కృష్ణజింకలే ఈ కాలనీలకు కాపలా కాస్తున్నాయి.

తరగతి తేలాక, ఏయే అంశాలు పరిశీలించాలో నిపుణుల కమిటీ రాసిస్తుంది. ఆ పట్టిక ప్రకారం కన్సల్టెంటు నివేదిక తయారుచేస్తాడు. కనీసం ఒక కాలం, అంటే మూడు నెలలపాటు గాలి, నీరు, మట్టి, చప్పుడు కొలుస్తాడు. గాలి ఎటు వీస్తుందో పట్టికలు వేస్తాడు. పొయ్యి పని చేస్తే ఏ ఊరి గాలిలో ఎంత ధూళి చేరుతుందో కంప్యూటరు మీద అంచనా కడతాడు. ఆ కన్సల్టెంటుకు జీతమిచ్చేది ప్రాజెక్టు పెట్టే సంస్థే. ఈ ఏర్పాటు మీద దేశమంతా విమర్శ ఉంది, ఇంతవరకు మారలేదు. నివేదిక చదివేవారు ముందుగా చూడాల్సింది కొలతలు ఏ నెలల్లో తీశారన్నది. వానాకాలంలో ధూళి తక్కువ, చలికాలపు తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలుస్తుంది. హైదరాబాద్ వాసులకు డిసెంబరు పొద్దుటి మంచు తెలుసు కనుక ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

షామియానా కింద

ప్రజాభిప్రాయ సేకరణ ఈ మొత్తం వ్యవహారంలో జనానికి కనిపించే ఘట్టం. కాలుష్య నియంత్రణ మండలి దాన్ని ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ లేదా నగరపాలక కార్యాలయంలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందరూ చూసేలా పెట్టాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభ ప్రాజెక్టు స్థలంలో లేదా దాని దగ్గరే జరగాలి. మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలి.

ఎంతమంది రావాలన్న కోరం లేదు. అయిదుగురు వచ్చినా సభ జరిగినట్టే. ఓటింగు కూడా లేదు. వెయ్యి మంది వద్దన్నా అది తీర్పు కాదు, నమోదైన అభిప్రాయమే. సభ ముగిశాక అధికారి లేవనెత్తిన అంశాలను తెలుగులో చదివి వినిపించాలి. ప్రతి అంశానికి సంస్థ తన తుది నివేదికలో జవాబు రాయాలి. ఇది తెలిసిన ఊళ్లలో సభ తీరు వేరుగా ఉంటుంది. కుర్చీలు విసిరితే మినిట్స్‌లో ‘గందరగోళం’ అన్న ఒక్క ముక్క ఎక్కుతుంది. పలానా బోరుబావి నివేదికలోని పటంలో ఎందుకు లేదని అడిగితే ఆ ప్రశ్న జవాబు కోసం ఫైలులో నిలబడుతుంది, రేపు కోర్టులోనూ నిలబడుతుంది. గ్రామాల్లో పెద్దవాళ్లకు కేకలకన్నా పహణీ నకలు బలమని తెలుసు, ఇక్కడా అదే లెక్క.

ఆ తర్వాత నిపుణుల కమిటీ 60 రోజుల్లో పరిశీలన ముగించి సిఫారసు చేయాలి, ప్రాధికార సంస్థ 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అనుమతి వచ్చిందంటే పొడవాటి షరతుల జాబితా వెంటే వస్తుంది. పచ్చని చెట్ల పట్టీ ఎంత వెడల్పు, లీచేట్ అనే మురుగు ఊట ఎక్కడ శుద్ధి, ఆరు నెలలకోసారి ఏ నివేదిక పంపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఇంత జరిగినా పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి కట్టడానికి ఒక సమ్మతి, కట్టాక నడపడానికి మరో సమ్మతి తీసుకోవాలి. అధికారులు వాటిని సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటారు. రోజుకు 5 టన్నులకు మించిన కేంద్రమైతే ఘన వ్యర్థాల నిబంధనల కింద మరో దరఖాస్తు, దాని మీద మండలి 60 రోజుల్లో తేల్చాలన్నది 2016 నిబంధనలు పెట్టిన గడువు. ఫ్యాక్టరీల శాఖ, బాయిలర్ల తనిఖీ, అగ్నిమాపక శాఖ పత్రాలు వేరు. వచ్చే కరెంటు ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. చెత్తతో తీసిన కరెంటు మొత్తాన్ని విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, కొనాల్సిందేనని 2016 జాతీయ టారిఫ్ విధానం చెప్పింది. ఆ ధర మామూలు కరెంటుకన్నా ఎక్కువ, అది చివరికి చేరేది బిల్లులోకే. ధర మీద జరిగే విచారణ కూడా బహిరంగమే, అభ్యంతరాలు రాయవచ్చు. పొగ గురించి మాట్లాడే సంఘాలు ఈ విచారణకు అరుదుగా వెళ్తాయి.

2025 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమల రంగుల వర్గీకరణలో ‘నీలం’ అన్న కొత్త వర్గం తెచ్చింది. జనజీవనానికి అవసరమైన పర్యావరణ సేవలు అన్న పేరుతో చెత్త విద్యుత్తు కేంద్రాలను కూడా అందులో చేర్చింది. ఈ వర్గానికి సమ్మతి గడువును రెండేళ్లు అదనంగా ఇచ్చింది. అంతకు ముందు ఇవి అత్యంత కాలుష్యకారక పరిశ్రమలుండే ఎరుపు వర్గంలో ఉండేవి. చెత్త తీయడం సేవ అన్నది నిజమే. పొగ మాత్రం ఏ వర్గంలో ఉన్నా పొగే, తనిఖీల మధ్య దూరం పెరగడం మేలు చేసే మార్పు అనిపించుకోదు.

సంతకాలన్నీ అయ్యాక

పర్యావరణ అనుమతి మీద అభ్యంతరం ఉన్నవారు 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు. అది దాటితే తలుపు మూసుకుంటుంది. తెలుగు రాష్ట్రాలకు దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది. ఢిల్లీ ఓఖ్లాలో ఇళ్ల మధ్య వెలసిన చెత్త విద్యుత్తు కేంద్రం మీద సుఖ్‌దేవ్ విహార్ నివాసులు 2009లోనే హైకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే 2012లో కేంద్రం పని మొదలుపెట్టింది. 2017 ఫిబ్రవరిలో, తన దగ్గరికి చేరిన ఆ కేసులో ట్రిబ్యునల్ 25 లక్షల రూపాయల పర్యావరణ పరిహారం విధించి, షరతులతో నడపనిచ్చింది. ఎనిమిదేళ్ల కేసు పొయ్యిని చల్లార్చలేదు.

పోల్చి చూస్తే, ఇంగ్లండులో ఈ పరిశీలన రెండు స్పష్టమైన పాయలుగా నడుస్తుంది. ఆ స్థలంలో పొయ్యి తగునా లేదా అన్నది కౌంటీ కౌన్సిల్ ఎన్నికైన సభ్యులు బహిరంగ సమావేశంలో చేతులెత్తి తేలుస్తారు. పొగ, బూడిద సంగతి పర్యావరణ ఏజెన్సీ వేరే అనుమతిలో చూస్తుంది. నార్‌ఫోక్ కౌంటీ కింగ్స్ లిన్ ప్రాంతంలో 2011లో స్థానిక అభిప్రాయ సేకరణ జరిగితే 65 వేల మంది వద్దన్నారు. 2014లో కౌన్సిలే ఒప్పందం రద్దు చేసుకుని, కోట్ల పౌండ్ల పరిహారం కట్టింది. గ్లాస్టర్‌షైర్‌లో కథ తిరగబడింది. 2013లో కౌంటీ కమిటీ తిరస్కరించిన పొయ్యికి 2015లో లండన్ మంత్రి పచ్చజెండా ఊపాడు. ఎన్నికైన సభ్యుల చేతికి అధికారమిచ్చినా పైవాడి మాట చెల్లే చోట్లు అక్కడా ఉన్నాయి. కానీ ఎవరు ఎటు ఓటేశారో ఊరికి తెలుస్తుంది. హైదరాబాద్‌లో స్థలం కేటాయింపు మీద కార్పొరేటరు ఎటు నిలబడ్డాడో తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన దగ్గరికి రానే రాదు.

ఆ మొదటి మెట్టు దగ్గర ఊరిని అడగకపోతే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో ప్యారానగర్ ఉన్న గుమ్మడిదల మండలం చూపించింది. ప్యారానగర్‌లో యార్డు పనులు పోలీసు బందోబస్తు మధ్య మొదలవగానే నల్లవల్లి, ప్యారానగర్ గ్రామస్థులు రోడ్డెక్కారు. రిలే దీక్షలు సాగాయి. కంపు, నీళ్లు, నర్సాపూర్ అడవి గురించి వాళ్లు అడిగినవి ఇరవై ఏళ్ల కింద ఆటోనగర్ చుట్టుపక్కల కాలనీలు అడిగిన ప్రశ్నలే. అప్పుడు ఇక్కడి కాలనీలు గెలిచాయి, చెత్త జవహర్‌నగర్ పోయింది. జవహర్‌నగర్, దమ్మాయిగూడ జనం పోరాడుతున్నారు, చెత్త ఇంకాస్త దూరం ప్యారానగర్ పోవాలంటోంది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ వ్యవహారంలో పాత్ర లేదనుకుంటే పొరపాటు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త పోగుచేసే హాస్టళ్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, మార్కెట్లు తడి చెత్తను వీలైనంత తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని 2016 నిబంధనలు చెప్పాయి. వందలాది మందికి వండిపెట్టే కోచింగ్ హాస్టళ్లు ఈ లెక్కలోకి రాకుండా పోవు. 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలతో పాటు ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు రెండేసి పంచారు. చాలా ఇళ్లలో వాటిలో ఒకటి బియ్యం పోసుకోవడానికో నీళ్లు పట్టుకోవడానికో పనికొచ్చింది. తడి విడిపోయిన చెత్త వస్తే చిన్న పొయ్యి చాలు, దానికి చిన్న స్థలం చాలు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది, వాడుకునేవారు అరుదు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే షామియానా కింద సభ ఒక్కటే కాదు. ప్రాజెక్టుతో వాస్తవమైన సంబంధం ఉన్న ఎవరైనా, ఎక్కడివారైనా, రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చని 2006 నోటిఫికేషన్ చెప్పింది. తన ఇంటి చెత్త కాలే పొయ్యి కన్నా వాస్తవమైన సంబంధం ఇంకేముంటుంది? చైతన్యపురి అపార్టుమెంటు సంఘమైనా, కొత్తపేట వర్తకుల సంఘమైనా మేడ్చల్ జిల్లాలో జరిగే విచారణకు ఒక ఉత్తరం రాయవచ్చు. పత్రికలో ప్రకటన పడ్డ రోజు నుంచి సభ నాటికి చేతిలో ఉండేది సుమారు 30 రోజులు.